ఎన్నికల వేళ మాట మర్యాద

మా పత్రిక చదువు సోదరీమణులలో నొకరు కొలది దినముల క్రిందట మాకొక దీర్ఘమైన లేఖ వ్రాసినారు. వారి పేరును ఊరును మేమిచ్చట ప్రకటింపము. కాని యందలి సంగతి యొక్క యింటితో ముగియునది కాదు. తెలుగునాట ననేక గృహములలో జరిగినది, ఇకముందును జరుగగలది. కావున నీ మాసము దానినిగూర్చియే మా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

వారి యత్తవారి వైపు బంధువులందఱును కలిసి వాట్సాప్‌లో నొక గ్రూపు పెట్టుకొనియున్నారట. అత్తగారి శతాభిషేకమునకు బంధువులను పిలుచుటకై యేర్పడిన గ్రూపది. అందు గుంటూరువారు కలరు, హైదరాబాదువారు కలరు, అమెరికాలోని డల్లసున నున్న పిల్లలును కలరు. ఆవకాయ కలుపు పాళ్లు, పసిపిల్లల ఫొటోలు, నోముల తేదీలు, జబ్బుపడినవారి క్షేమసమాచారములు, ఇవియే యందు నడచెడి మాటలు. 2024 ఏప్రిలులో ఉగాది వెళ్లిన పిదప నందు పార్టీల మాట ప్రవేశించినది.

మొదట నొక మేనల్లుడు తన పార్టీ సభ ఫొటో పెట్టినాడు. మఱునాడు పెదబావగారు ఎదుటి పార్టీవారి వీడియో పెట్టినారు. వారము తిరుగకమునుపే యొక నాయకుని యింటి యాడువారిని హేళన చేయు చిత్రమొకటి వచ్చినది. దానిని పంపినది లేఖ వ్రాసిన సోదరియే. ఎవరో పంపగా నవ్వు వచ్చి, చదివియు చదువకయే ముందునకు పంపితినని వారే యొప్పుకొనినారు. ఆ పార్టీ నభిమానించు వదినగారు, అనగా భర్తగారి యక్కగారు, నొచ్చుకొని యొక మాట యనిరి. దానికి వీరొక మాట యనిరి. మాటలు పార్టీలను విడిచి పుట్టింటి పెంపకముల మీదికి పోయినవి. ఆ రాత్రియే వదినగారు గ్రూపును విడిచిరి. జూను 4వ తేదీని ఫలితములు వెలువడినపుడు, గెలిచిన పక్షమువారైన వదినగారి కుమారుడు బాణసంచా బొమ్మలు పెట్టి, ఈ రాత్రి మన బంధువులలో కొందఱకు నిద్రపట్టదని వ్రాసినాడు. శ్రావణమున వదినగారి కూతురి పెండ్లి జరిగినది. శుభలేఖ పోస్టులో వచ్చినది గాని, ఇంటికి వచ్చి బొట్టుపెట్టి పిలిచినవారు లేరు.

ముప్పది యేండ్లుగా ఒకరి పురిటికి మఱియొకరు పోయి యాదుకొనిన వారమనియు, ఏ నాయకుల కొఱకై మాటపట్టింపు వచ్చినదో ఆ నాయకులకు మా యిరువురి పేర్లును తెలియవనియు ఆ సోదరి వాపోయినారు. ఇందు తప్పెవరిదని వారి ప్రశ్న. తప్పులు లెక్కించుటకంటె, ఎన్నికల దినములలో ఫోను చేతబట్టిన స్త్రీకి మాట మర్యాద యెట్లుండవలెనో విచారించుట మేలని మాకు తోచినది.

ముందుగా నొక మాట. స్త్రీలు రాజకీయములు మాటాడరాదని మేము చెప్పము. ఆ హక్కు మన కూరక వచ్చినది గాదు. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండగా 1921లో నచ్చటి శాసనసభ స్త్రీలకు వోటుహక్కు నంగీకరించినది. అదియును ఆస్తియో పన్నో కలవారికి మాత్రమే. స్వాతంత్ర్యానంతరము 1951-52లో జరిగిన తొలి సాధారణ యెన్నికల జాబితాలు తయారుచేయునపుడు, ఫలానివారి భార్యననియో ఫలానివారి కుమార్తెననియో చెప్పుటయే కాని తమ పేరు చెప్పనందున సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా కెక్కకపోయినవి. ఉత్తరాది రాష్ట్రములలో ఇది హెచ్చుగా జరిగినది. ఆనాటినుండి మన మెంతో దూరము వచ్చితిమి. 2024 మే 13వ తేదీని ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలు జరిగినపుడు, 4 కోట్ల 14 లక్షల వోటర్లలో 2 కోట్ల 10 లక్షలకు పైగా స్త్రీలే. పురుషులకంటె స్త్రీల సంఖ్యయే హెచ్చు. ఒక యింట నందఱును ఒకే గుర్తునకు వోటు వేయవలెనన్న నియమమును లేదు. భర్త యొక పక్షము, భార్య యొక పక్షము, అత్తగారు మఱియొక పక్షము కావచ్చును. ఇట్టి యింట అభిప్రాయములు వేఱైనను పీటలు వేఱుగాకుండ చూచుకొనుట యెట్లన్నదే మన ముందున్న విషయము.

మొదట గమనింపవలసినది, మన మే చోట మాటాడుచున్నామన్నది. పెండ్లిపందిట మైకు పట్టుకొని పార్టీ ప్రసంగము చేయువారిని మన మేమనుకొందుము? కుటుంబపు గ్రూపును పందిరి వంటిదే. పిల్లల బడి గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు, డ్వాక్రా సంఘపు గ్రూపు, ఇవి యన్నియు నొక్కొక్క పనికై యేర్పడినవి. మంచినీటి ట్యాంకరు వేళ తెలిసికొనుటకై చేరినవారికి మన నాయకుని ప్రసంగము వినిపించుట వారి యింటిలోనికి పిలువకుండ ప్రవేశించుట వంటిది. మీ పక్షమును చాటవలెనని యున్నచో మీ స్టేటసు కలదు, మీ ఫేస్‌బుక్ పేజీ కలదు, మీ పార్టీవారి గ్రూపులు కలవు. అవి మీ యింటి యరుగు వంటివి. ఇష్టమున్నవారు వచ్చి కూర్చుందురు, లేనివారు దారిని పోవుదురు.

గ్రూపునకు అడ్మిన్‌గా నున్న సోదరికి మఱియొక బాధ్యత కలదు. ఎన్నికల ప్రకటన వెలువడిన దినముననే, ఈ గ్రూపున పార్టీల మాట వలదని యొక్క వాక్యము మర్యాదగా వ్రాసి పెట్టవలెను. తగవు మొదలైన పిదప వ్రాసినచో అది యొకరి మీద తీర్పువలె తోచును. ఆ నియమమును తన భర్తకును, తన తమ్మునికిని గూడ సమముగా వర్తింపజేయవలెను. తన పక్షమువారి పోస్టును చూచి చూడనట్లూరకుండి, ఎదుటివారి పోస్టును మాత్రము తొలగించు అడ్మిన్ మాట నెవరును మన్నింపరు. మాటలు మీఱినపుడు కొన్ని గంటలసేపు అడ్మిన్‌లు మాత్రమే వ్రాయునట్లు గ్రూపును కట్టడిచేయు వీలున్నది. కోపములు చల్లారుటకు తఱచుగా నొక రాత్రి చాలును.

రెండవది మిక్కిలి ముఖ్యమైనది. ఫార్వర్డు చేసిన మాట మన మాటయే యగును. నేను వ్రాయలేదు, వచ్చినదానిని పంపితినంతే యని చాలమంది సమాధానము చెప్పుకొందురు. పొరుగింటి గోడమీద నెవరో వ్రాసిన బూతును మన మెదురింటివారి వాకిట పలికినచో, అది మా మాట గాదన్న వినువారుందురా? తమిళనాట మాజీ శాసనసభ్యుడైన యొక నటుడు 2018లో స్త్రీ విలేఖరులను కించపఱచు పోస్టు నొకదానిని చదువకయే ఫేస్‌బుక్‌లో ముందునకు పంపితిననెను. పిదప తొలగించి క్షమాపణ చెప్పెను. అయినను 2023 జూలైలో మద్రాసు హైకోర్టు కేసును కొట్టివేయ నిరాకరించినది. పంపిన సందేశము వింటినుండి వెడలిన బాణము వంటిదనియు, దాని ఫలితమునకు పంపినవారే బాధ్యులనియు న్యాయస్థానము పలికినది. సుప్రీముకోర్టును అదే సంవత్సరము ఆగస్టులో నతని ప్రార్థనను త్రోసిపుచ్చినది. 2024 ఫిబ్రవరిలో చెన్నైలోని ప్రత్యేక న్యాయస్థాన మతనికి నెల దినముల శిక్ష విధించినది. కాలు జాఱిన తీసికొనవచ్చును గాని నోరు జాఱిన తీసికొనలేమని మన పెద్దలు చెప్పినమాట వ్రేలు జాఱినను వర్తించుచున్నది.

ఇట్లు మాట చేతులు మాఱి వ్యాపించుటచే కలుగు కీడును గుర్తించియే వాట్సాప్‌వారు 2018 జూలైలో మన దేశమున నొక సందేశమును ఒక్కసారిగా ఐదు చోట్లకు మించి ఫార్వర్డు చేయ వీలులేకుండ నియమించిరి. అనేక చేతులు మాఱివచ్చిన సందేశము మీద జంట బాణముల గుర్తుండును. 2020 ఏప్రిలునుండి యట్టిదానిని ఒక్కసారి కొక్క చోటికే పంపగలము. ఆ జంట బాణములను చూచినపుడు సోదరీమణులు ఇది మన బంధువు వ్రాసినది గాదని, మొదట వ్రాసినవారెవరో పంపినవారికిని తెలియదని జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవది, నిజమును విచారించుట. సంతలో వంకాయ కొనునపుడు పుచ్చున్నదేమోయని త్రిప్పి చూచు గృహిణి, వార్తను మాత్రమేల చూడక పుచ్చుకొనవలెను? ఈ ఫొటో యేనాటిది? ఏ యూరిది? పది సెకండుల వీడియోకు ముందు వెనుకల ఆ నాయకుడేమి పలికెను? ఈ సంగతి పేరున్న పత్రికలలో, అందును ఎదుటి పక్షము నభిమానించు పత్రికలో గూడ వచ్చినదా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకనిచో పంపకుండుటయే మంచిది. ఇపుడు కృత్రిమమేధతో నొకరి ముఖమును, కంఠమును అచ్చముగా కల్పించి, పలుకని మాటలను పలికించుచున్నారు. ఇట్టి కల్పిత వీడియోలు తమ దృష్టికి వచ్చిన మూడు గంటలలోగా తొలగింపవలసినదని 2024 మే 6వ తేదీని ఎన్నికల సంఘమువారు పార్టీల నాదేశించిరి. కాని మూడు గంటలలో నది యెన్ని యిండ్లకు చేరునో మన కెఱుకయే. పొరపాటున పంపినచో అందఱికిని కనబడకుండ తొలగించు వీలు రెండు దినములకు పైగా నుండును. తొలగించినంతమాత్రమున చాలదు. ఏ గ్రూపున తప్పు పంపితిమో అచ్చటనే, నేను పంపినది నిజము గాదు, మన్నింపుడని వ్రాయవలెను. అట్లు వ్రాసినందున నెవరి గౌరవమును తగ్గదు.

నాలుగవది, ఏది విమర్శ, ఏది దూషణమన్న వివేకము. ఇందులకు మనము వేఱుగ ధర్మశాస్త్రము వ్రాసికొన నక్కఱలేదు. 1960లో కేరళ శాసనసభ యెన్నికల వేళ మొలకెత్తి, పిదప దేశమంతటికిని వ్యాపించిన యెన్నికల ప్రవర్తనా నియమావళి కలదు. ఎదుటి పార్టీపై విమర్శ వారి విధానములకు, కార్యక్రమములకు, గత చరిత్రకు, చేసిన పనికి పరిమితము కావలెననియు, ప్రజాజీవితముతో సంబంధము లేని సొంత జీవితమును విమర్శింపరాదనియు నది పార్టీలను, అభ్యర్థులను శాసించుచున్నది. ఆ నియమము నాయకులకే కాక యభిమానులకును మంచిదే. రోడ్డు వేయలేదనుడు, పింఛను సరిగా నందలేదనుడు, ధరలు పెఱిగినవనుడు, పన్నుల లెక్క చెప్పుడని యడుగుడు. ఎంత గట్టిగా నడిగినను తప్పులేదు. కేవల మొకరికి కష్టము తోచినదని ప్రతి పోస్టును నేరమనరాదని, ఐ.టి. చట్టమందలి 66ఎ సెక్షనును 2015 మార్చి 24వ తేదీని సుప్రీముకోర్టు కొట్టివేసినది. కాని నాయకుని కులము, భార్య నడవడి, కూతురి దుస్తులు, కోడలి పుట్టిల్లు, ఇవి రోడ్లకును పింఛనులకును ఏమి సంబంధము? స్త్రీ గౌరవమునకు భంగము కలిగింపనెంచి పలుకు మాటలకు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షను క్రింద మూడేండ్లవరకు శిక్షయును, జుల్మానాయును కలవు.

ఇచ్చట మా సోదరీమణులు మఱికొంత యాలోచింపవలెను. 2019 యెన్నికల కాలమున మార్చినుండి మేవరకు 95 మంది భారతీయ స్త్రీ నాయకులను పేర్కొనిన 1,14,716 ట్వీట్లను ఆమ్నెస్టీ సంస్థవారు పరిశీలింపించి, 2020లో ప్రకటించిరి. వానిలో 13.8 శాతము, అనగా సుమారు ఏడింట నొకటి, దూషణముగనో అనుచితముగనో యుండినవి. ఆ స్త్రీలు ఒక్క పార్టీవారు కారు. ఒకనాడు మన పక్షమువారు ఎదుటి పార్టీ స్త్రీని ఏ మాట యందురో, మఱునాడు ఎదుటివారు మన పార్టీ స్త్రీని ఆ మాటయే యందురు. ఈ రెంటిని చూచిన తండ్రి తన కూతురితో, ఈ రొంపి మనకేల, ఇంట కూర్చుండుమనును. మన రెండు రాష్ట్రములలోను పంచాయతీలందు సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. 2023లో 106వ రాజ్యాంగ సవరణముచే లోక్‌సభలోను శాసనసభలలోను మూడవవంతు స్థానములు స్త్రీలకు చెందవలెనని శాసించిరి. స్థానములు చట్టము వలన వచ్చును. కాని పేరు వెలువడిన మఱునాడే తన ఫొటోకు బూతులు చేర్చి ఊరంతయు త్రిప్పుదురన్న భయమున్నచో, మన పిల్లలలో నెందఱు నామినేషను వేయుటకు ముందునకు వత్తురు? నవ్వు వచ్చినదని మనము పంపిన యొక్క చిత్రము, ఎక్కడనో యొక బాలిక గుండెలో ఆ భయమును నాటుచున్నది. ఇది మన వదినగారు నొచ్చుకొనుటకంటెను పెద్ద నష్టము.

కావున స్త్రీని గూర్చిన దూషణము మన పక్షమునుండి వచ్చినపుడు మనమే మొదట వలదనవలెను. ఎదుటివారి తప్పు నెంచుట యెవరికైనను సులభమే. మన మేనల్లుడు పంపినచో నందఱి యెదుట చీవాట్లు పెట్టక, ఫోను చేసి, నాయనా, మీ యత్తను ఎవరైన నిట్లన్న నీకెట్లుండును, తీసివేయుమని చెప్పినచో తొంబదిపాళ్లు తీసివేయును. పదిమందిలో నన్నచో పట్టుదలకు పోవును.

ఐదవది, బదులు చెప్పు తీరు. పెదబావగారు, మేనమామగారు వంటి పెద్దలు తప్పు వార్త పంపినపుడు అబద్ధమనుటకు బదులు, మీరు పంపిన ఫొటో పాతదని పత్రికలో చదివితిని, ఒక్కసారి చూడుడని విడిగా వ్రాసిన చాలును. రాత్రి తొమ్మిది దాటినపిదప కోపముతో బదులు వ్రాయకుడు. తెల్లవారి కాఫీ త్రాగిన పిదప చదివికొనినచో సగము మాటలు మనకే యనవసరమని తోచును. ఒక గ్రూపులో బంధువు పలికిన మాటను స్క్రీన్‌షాటు తీసి మఱియొక గ్రూపునకు మోయుట, ఒకరి వంటింటి మాటను వీధి పంపువద్ద చెప్పుటతో సమానము. ఒకవేళ మిమ్ములనే యెవరైన బూతులాడినను, బెదరించినను బదులు తిట్టకుడు. తేదీతో గూడ స్క్రీన్‌షాటు భద్రపఱచి, ఆ పోస్టుపై ఆ కంపెనీవారికి రిపోర్టు చేసి, ఆ మనిషిని బ్లాకు చేసి, ఇంటివారికి చెప్పి, సైబర్ నేరముల విషయమై కేంద్ర ప్రభుత్వమువారు నడుపు పోర్టలులోనో పోలీసుస్టేషనులోనో ఫిర్యాదు చేయవలెను. దాచుకొని యేడ్చుట వలదు.

ఆఱవది, పోలింగు దినములు. వోటింగు ముగియు వేళకు ముందు 48 గంటలు ప్రచారము నిలుపవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 126వ సెక్షను చెప్పుచున్నది. 2024లో మన యెన్నికలకు మే 11వ తేదీ సాయంకాలముతో మైకులు మూగవోయినవి, కాని ఫోనులు మూగవోలేదు. మైకు నిలిచిన పిదప వోటరును తన మనస్సుతో నొంటరిగా విడుచుట యీ నియమపు ఉద్దేశము. ఆ రెండు దినములు మనమును మౌనము వహించుట యందము. వోటు వేయు గదిలోనికి ఫోను తీసికొనిపోరాదు, మీటనొక్కుచు ఫొటో తీయరాదు, ఎవరికి వేసినారని యత్తగారినైనను కోడలినైనను అడుగరాదు. బయటికి వచ్చి వ్రేలిపై సిరాగుర్తును ఫొటో తీసి పెట్టుకొనుడు. అది యన్ని పార్టీలవారికిని సమానమైన సంతోషము.

కట్టకడపటిది ఫలితముల దినము. గెలిచినవారు తమ యింట పాయసము వండుకొనవచ్చును గాని, ఓడినవారి పేరెత్తి యెత్తిపొడువరాదు. ఓడినవారు వోటర్లు మూఢులనియు, అమ్ముడుపోయిరనియు వ్రాయరాదు. ఆ వోటర్లలో మన తోడికోడలును, పాలమనిషియు నున్నారు. 2024 మేలో పోలింగు పిదప పల్నాడు, తాడిపత్రి ప్రాంతములలో తలలు పగిలినంత పని జరిగి, ప్రత్యేక దర్యాప్తు బృందమును వేయవలసివచ్చినది. అందు దెబ్బలు తినినవారును ఎవరో యొక తల్లి బిడ్డలే. ఎత్తిపొడుపు మాట ఎంతదూరము పోగలదో చెప్పలేము.

ఇక లేఖ వ్రాసిన మా సోదరికి మా సలహా యిది. వదినగారి కుమార్తెకు ఈ నెలలో సీమంతమని మీరే వ్రాసితిరి. పిలుపు ఫోనులోనే వచ్చినదని చింతింపకుడు. డజను గాజులు, పసుపు కుంకుమలు, మీ చేతి మినపసున్నియు తీసికొని ముందునాడే వెళ్లుడు. ఆ చిత్రము పంపుట నా తప్పు వదినగారూ, అని యొక్కమారు చెప్పుడు. మీ యబ్బాయి మాటయు తప్పేయని తోడుచేయవలదు, అది వారు చూచుకొందురు. ఆ తరువాత వంటయింటిలోనికి వెళ్లి పనియందుకొనుడు. వచ్చు నెల మీ రెట్లు కలిసికొంటిరో మాకు వ్రాసినచో సంతోషింతుము.